అబ్బాయి పంపే డాలర్లకు పన్ను కోత పడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి డాలస్ నుంచి నెలనెలా డబ్బు పంపుతాడు. బైడెన్ హయాంలో లేని పన్ను ట్రంప్ వేశారట, నిజమేనా?
– ఓ తండ్రి, అంతర్వేది

జవాబు: నిజమేనండీ, కంగారు మాత్రం వద్దు. బైడెన్ పెద్ద కంపెనీలు, సంపన్నుల పన్ను పెంచాలని చూశారు. ఇలా ఇంటికి పంపే డబ్బు జోలికి రాలేదు. ట్రంప్ 2025 జూలై 4న సంతకం చేసిన చట్టం ఆదాయపు పన్ను తగ్గింపులను కొనసాగిస్తూనే, 2026 జనవరి 1 నుంచి దీనిపై 1 శాతం వేసింది. అదీ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపితేనే. అక్కడి బ్యాంకు ఖాతా నుంచో, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతోనో పంపమనండి, పైసా పడదు.

కొడుకు ఇచ్చిన సొమ్ముపై మీకిక్కడా పన్ను లేదు. దానిపై వచ్చే వడ్డీ మాత్రం మీ ఆదాయమే. ఆ డబ్బుతో అబ్బాయి పేరున కొబ్బరితోట కొనాలనుకుంటే ఆగండి. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు. బయానా ఇవ్వకముందే రాజోలులోనో అమలాపురంలోనో ఆడిటర్‌ను కలవండి.