చుట్టుదారి

చిన్నబాబూ,

కొట్టు మూసేశావని మీ అత్త చెప్పింది. పోతే పోయింది. కానీ డబ్బిచ్చిన స్నేహితుల ఫోన్లు ఎత్తడం లేదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఫోన్ ఎత్తు నాన్నా. మిగతావన్నీ తర్వాత.

పోయిన నెల లిబర్టీ విగ్రహం దగ్గర దిగిన ఫొటో పంపావు. బాగా చిక్కిపోయావు, వేళకి అన్నం వండుకుంటున్నావా? ఆ విగ్రహానికి రాగి రేకులు బిగించేటప్పుడు కాలి బొటనవేలి దగ్గర మొదటి రివెట్టు కొట్టినవాడు లెవీ మోర్టన్, ఫ్రాన్సులో అమెరికా రాయబారి. 1884 జులై 4న పారిస్‌లో తన దేశం తరఫున విగ్రహాన్ని అందుకున్నదీ ఆయనే. తర్వాత ఉపాధ్యక్షుడు, న్యూయార్క్ గవర్నరు. ఆ పదవులకంటే నాకు పట్టుకున్నది 1861 నాటి సంగతి.

వెర్మాంట్‌లో పాదిరీ గారబ్బాయి. కొట్లో గుమాస్తాగా మొదలై న్యూయార్క్‌లో టోకు బట్టల వ్యాపారం దాకా వచ్చాడు. దక్షిణాది వర్తకులకు అరువిచ్చాడు. అంతర్యుద్ధం వచ్చి ఆ బాకీలన్నీ మునిగాయి, ఈయన దివాలా తీశాడు. అప్పులవాళ్ళతో ఎంతో కొంతకు రాజీ కుదుర్చుకున్నాడు. 1863లో బ్యాంకు పెట్టి నిలదొక్కుకున్నాక, ఆ పాత అప్పులవాళ్ళందర్నీ భోజనానికి పిలిచాడని చెబుతారు. పళ్ళేలు ఎత్తి చూస్తే, కింద ఒక్కొక్కరికీ మిగిలిన బాకీ వడ్డీతో సహా చెక్కు! నాకు ఆ చెక్కులకన్నా ఆ పిలుపే గొప్పగా తోస్తుంది. వాళ్ళ ఎదుట కూర్చుని భోంచేయగలిగాడు. 96 ఏళ్ళు బతికినవాడికి దివాలా నాటికి సగం ఆయుష్షు కూడా గడవలేదు. నీకింకా ముప్పై రెండే కదరా.

ఉప్పెన తర్వాత మన కొట్టు గతి నీకు తెలిసిందే. అరువు పట్టుకెళ్ళినవాళ్ళే లేరు, ఎవర్ని అడగను? సరుకిచ్చిన బెజవాడ షావుకారుకి ఎదురుపడలేక, ఆయన వీధి తప్పించి ఎనిమిది నెలలు చుట్టుదారిన తిరిగాను. ఆషాఢంలో ఒకరోజు మీ పెద్దమ్మ కొంగుముడి విప్పి అరవై రూపాయలు నా చేతిలో పెట్టి, "ఇవాళ ఆ వీధిలోంచే వెళ్ళండి" అంది. వెళ్ళాను. ఆయన ఖాతా పుస్తకం తీసి, అరవై జమ రాసి, కుర్రాణ్ణి కాఫీకి పంపాడు. "నువ్వూ ఆ నీళ్ళలో పోయావేమో అనుకున్నానయ్యా" అన్నాడు. అన్నాళ్ళూ నన్ను పోయినవాళ్ళలో కలిపేసుకున్నాడు! వేడి గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే ఏడ్చేశాను. బాకీ తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ ఆ వీధిలోంచే నడిచాను.

ఒక కాగితం మీద ఎవరికెంతో నీ చేత్తో రాసుకో. రోజుకొకరికి ఫోన్ చెయ్యి. ఇవ్వడానికేమీ లేకపోతే, ఉన్నానని చెప్పు చాలు.

మీ అమ్మకి నేనేమీ చెప్పలేదు. ఆ ఫొటోలో పల్చటి చొక్కా ఒక్కటే ఉంది ఒంటిమీద. చలికి కోటు కొనుక్కో, డబ్బు పంపిస్తున్నాను, వద్దనకు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికే లేచి ఫోన్ దగ్గర కూర్చుంటాను.

మీ పెదనాన్న