తామారు మొఱ్ఱ
(పాఠము: 2 సమూయేలు 13:1–22)

ఈ అధ్యాయము వచ్చినప్పుడు మనము సిగ్గుపడి పుట త్రిప్పుదుము. ఈ మాసము త్రిప్పక చదువుదము.

అమ్నోను రోగివలె నటించి, చెల్లెలు వచ్చి అప్పములు చేయవలెనని కోరగా, తండ్రియైన దావీదే తామారును ఆ యింటికి పంపెను. అక్కడ దారిదొంగ ఎవడును లేడు. మనమైతే కైకిలి పోవునప్పుడు, క్రొత్తవారితో మాటలాడకుమని బిడ్డకు చెప్పి, ఎరిగినవారి యొద్ద నిశ్చింతగా విడిచి పోవుదుము. 2022లో హైదరాబాదులో ఎల్‌.కె.జి. చదువు చిన్నారిని చెరిచినవాడు ఆ బడి ప్రిన్సిపాలు కారు నడుపువాడే. 2023లో న్యాయస్థానము వానికి 20 ఏండ్ల శిక్ష విధించెను.

"అరవలేదేమి?" అని ఊరివారు అడుగుదురు. తామారు వద్దని బ్రతిమాలెను. పిమ్మట తలమీద బూడిద పోసికొని కేకలు వేయుచు వెళ్లెను. అయినను అబ్షాలోము, వాడు నీ అన్నే గదా, ఊరకుండుమనెను. దావీదు బహుగా కోపపడెను, అంతే. ఆమె బ్రతుకు ఆ యింటనే పాడుపడెను. పసిబిడ్డకైతే జరిగినదాని పేరే తెలియదు. పక్క తడుపుట, బడికి పోననుట, ఒకనిని చూచి దాగుకొనుట — ఒక్కొక్కప్పుడు ఇవే దాని కేకలు. కొట్టక మెల్లగా అడుగుడి.

మగపిల్లవానికేమి భయమందురు. 2007లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన 13 రాష్ట్రముల విచారణలో, అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కూడ ఉండెను. ఇట్టి హింస జరిగినదని చెప్పిన పిల్లలలో సగముకంటె ఎక్కువమంది మగపిల్లలే. అనేకులు అంతకుముందు ఎవరితోను చెప్పుకొనలేదు.

నేనును నిర్దోషిని కాను. కొన్నేండ్ల క్రిందట ఒక తల్లి ఏడ్చుచు వచ్చినప్పుడు, "అల్లరి చేయకమ్మా, బిడ్డకు రేపు పెండ్లి కావలె" అని ప్రార్థించి పంపితిని. అబ్షాలోము మాటయే నా నోట వచ్చెను. ఆమె మరల నా గడప త్రొక్కలేదు.

2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండని బిడ్డకు ఇట్టి కీడు జరిగినదని తెలిసియు పోలీసులకు చెప్పనివారికి ఆరు నెలల వరకు జైలు. పాస్టరుకు మినహాయింపు లేదు. పంచాయతీలో డబ్బు కట్టించి ముగించుటకు వీలులేదు. పరువు పోవునని వెరచు తలిదండ్రులు ఇది వినుడి: పోలీసులు యూనిఫారము లేక, మీ యింటనే బిడ్డ మాట వ్రాసికొనవలెను, పత్రికలు బిడ్డ పేరు వేయరాదు. రాత్రియైనను పగలైనను 1098కు ఫోను చేయవచ్చును, రుసుము లేదు.