పొగ ఆగినను నేల మరువదు: లోహధూళి, నాచు, మన పొలములు

పైరునకు జింకు చాలనప్పుడు ఆకు చెప్పును. వరి నాటిన రెండు నుండి నాలుగు వారములలో ఆకులపై తుప్పు రంగు మచ్చలు కనిపించును; దుబ్బు గిడసబారును. ఇది జింకు లోపమని 1966లో పంత్‌నగర్ విశ్వవిద్యాలయమునందు డాక్టర్ వై. ఎల్. నేనె నిరూపించిరి. ఆఖరు దుక్కిలో ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసినచో ఈ లోపము రాకుండ కాపాడుకొనవచ్చును. ఇది మన రైతులకు తెలిసిన సంగతియే.

కాని అదే జింకు, దానితోపాటు కాడ్మియము, సీసము, రాగి, నికెల్ వంటి లోహములు కర్మాగారముల పొగ వలనను, ధూళి వలనను, మురుగునీటి వలనను ఏండ్ల తరబడి నేలలో చేరుచున్నచో ఏమగును? వీనిలో కొన్నిటి సంగతి ఆకు చెప్పును. కాడ్మియము సంగతి మాత్రము ఆకు చెప్పదు. పైరు పచ్చగనే యుండును, గింజ నిండుగనే యుండును. అందువలన ఈ విషయమును రైతులు ముందుగా తెలిసికొని యుండుట అవసరము.

మనకు దగ్గరి ఉదాహరణము

అనకాపల్లికి తూర్పుగా సుమారు 20 కిలోమీటర్ల దూరములో, విశాఖపట్నము పొలిమేరలోని మింది వద్ద, హిందుస్థాన్ జింక్ సంస్థ వారి కర్మాగారము 1977లో పని ప్రారంభించినది. 2012లో అది మూతపడినది. జింకు ఖనిజము గంధకముతో కలిసి యుండును. దానిలో కాడ్మియము, సీసము కూడ కొద్దిగా ఉండుట సహజము. ఖనిజమును కొలిమిలో వేయించినప్పుడు గంధకము వాయువుగా మారును. ఆ వాయువును పట్టి గంధకామ్లము తయారుచేయుదురు. ఎంత జాగ్రత్త తీసికొన్నను, లోహములను శుద్ధిచేయు కర్మాగారముల నుండి కొంత వాయువు, కొంత సన్నని ధూళి వెలుపలికి పోవుట లోకమంతట చూచుచున్నదే.

తరువాత 2002 నుండి పరవాడ వద్ద సింహాద్రి విద్యుత్ కేంద్రము బొగ్గుతో నడుచుచున్నది. బొగ్గు బూడిదలో కూడ లోహములు స్వల్పముగా ఉండును. 2022లో ఏర్పడిన మన అనకాపల్లి జిల్లా చెరకునకు, బెల్లమునకు పేరుపడినదే గాక నేడు పరిశ్రమల జిల్లాగా కూడ పెరుగుచున్నది. ఒక కర్మాగారము మూతపడిన పిమ్మట దాని చుట్టునున్న నేలలు వాటంతట అవియే బాగుపడునా? ఈ ప్రశ్నకు జవాబు కావలెనన్న, మనకంటె ఎక్కువ కాలము ఇట్టి ధూళిని చవిచూచిన దేశములను చూడవలెను.

మంచు దేశములోని నాచు

రష్యా దేశపు ఉత్తరపు కొసన, ధ్రువవలయమునకు ఆవల, కోలా ద్వీపకల్పము కలదు. అచ్చటి మోంచెగోర్స్క్ పట్టణములో రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందే నికెల్, రాగి శుద్ధిచేయు కర్మాగారము వెలసినది. నార్వే సరిహద్దు చెంతనున్న నికెల్ అను ఊరిలో మరియొకటి నడచినది. ఈ రెండవది 2020 డిసెంబరులో మూతపడినది. ఈ కర్మాగారముల పొగ తగిలి మొదట నేలపైనున్న నాచు మొక్కలు, రాళ్ళపై పెరుగు లైకెన్లు చచ్చినవి. పిదప దేవదారు జాతి చెట్లు ఎండినవి. దగ్గరి కొండలు బోడులైనవి.

మొదట నాచు ఎందులకు చచ్చును? నాచు అనగా వానకాలమున మన బావిగట్లపైన, పాతగోడలపైన, అరకు కొండరాళ్ళపైన మెత్తని పచ్చని పరుపువలె పెరుగు చిన్నమొక్క. దీనికి నిజమైన వేళ్ళు లేవు. ఆకుపై మైనపు పొర దాదాపు లేదు. వాననీటిని, గాలిలోని ధూళిని ఒడలంతటితో పీల్చుకొనును. అనగా నాచులోని లోహము చాలవరకు నేలనుండి వచ్చినది గాక గాలినుండి వచ్చినది. స్వీడన్ శాస్త్రజ్ఞులు రూలింగ్, టీలర్ 1960 తరువాతి సంవత్సరములలో ఈ గుణమును ఉపయోగించి, నాచును పరీక్షించి గాలిలోని సీసము మొదలగు లోహములను లెక్కకట్టు పద్ధతి నేర్పిరి. పూర్వకాలమున ఎండబెట్టి దాచిన నాచు నమూనాలను కూడ పరీక్షించి, దశాబ్దముల వెంబడి సీసము ఎట్లు పెరిగినదో చూపిరి. 1990 నుండి యూరపు దేశములు అయిదేండ్ల కొకసారి ఇట్టి నాచు పరీక్షలు జరుపుచున్నవి.

కర్మాగారములు పొగను తగ్గించినకొలది నాచులోని లోహము కూడ తగ్గుచు వచ్చును. ఏలన, పాత నాచు పోయి కొత్త నాచు కొత్త గాలిని పీల్చును. నేల సంగతి అట్లు కాదు. కోలాలో గత ముప్పదియేండ్లుగా పొగ చాల తగ్గినను, అడవి నేలపై పేరుకొన్న ఆకుచెత్తలో రాగి, నికెల్ నేటికిని నిలిచియున్నవి. ఆ లోహముల వలన సూక్ష్మజీవులు తగ్గి చెత్త కుళ్ళదు; కుళ్ళనందున మొక్కలకు పోషకములు అందవు. నాచు పరుపు పోయినచోట్ల గాలి, నీరు మంటిని కొట్టుకొనిపోవును. గింజ పడినను మొలక నిలువదు.

కాబట్టి గాలి నేడు ఏమి తెచ్చుచున్నదో నాచు చెప్పును. ఇన్నాళ్ళు ఏమి తెచ్చినదో నేల చెప్పును. పురుగుమందులు చాలవరకు కాలక్రమమున విరిగిపోవును. పై చెప్పిన లోహములు విరుగవు, కుళ్ళవు.

మంచు దేశమునకు, మన పొలములకు ఒక భేదము కలదు. అచ్చట చలివలన సేంద్రియ పదార్థము దట్టముగా పేరుకొని లోహమును పట్టియుంచును. మన ఎర్ర గరప నేలలలో వేడికి సేంద్రియ పదార్థము త్వరగా హరించిపోవును; పట్టు తక్కువ. అందుచే తక్కువ లోహము చేరినను పైరులోనికి ఎక్కువ శాతము పోవు అవకాశము ఇచ్చట ఉన్నది.

ఆకు చెప్పని లోహము

రాగి, నికెల్, జింకు మితిమీరినచో మొదట పైరే దెబ్బతినును. ఆకులు పాలిపోవును, వేళ్ళు కురచపడును. రైతు చూచి జాగ్రత్త పడగలడు. సీసము మంటికి అంటుకొని గింజలోనికి అంతగా ఎక్కదు; ఆకులపై పడిన ధూళి, దుంపలకు అంటిన మన్ను దాని ముఖ్య మార్గములు. కాడ్మియము మాత్రము పైరునకు హాని కనబడకమునుపే తినువారికి హాని చేయగల మోతాదులో గింజలోనికి, ఆకులోనికి చేరును.

జపాను దేశములో తొయామా ప్రాంతమున జింజూ నది నీటితో వరి పండించిన పల్లెలలో ఇది జరిగినది. ఎగువనున్న కామియోకా గని నుండి కాడ్మియము నదిలో కలిసి, పొలములకు పారి, బియ్యములో చేరినది. ఆ బియ్యము తిన్నవారిలో, ముఖ్యముగా వయసు మీరిన స్త్రీలలో, మూత్రపిండములు చెడి ఎముకలు మెత్తబడినవి. బాధతో వారు పెట్టిన కేకల వలననే ఆ జబ్బునకు ‘ఇతాయి ఇతాయి’, అనగా ‘నొప్పి, నొప్పి’ అను పేరు వచ్చినది. దీనికి కారణము కాడ్మియమని 1968లో జపాను ప్రభుత్వము ప్రకటించినది. చెడిన మళ్ళను బాగుచేయుటకు వేరుచోటి మన్ను తెచ్చి పరచవలసి వచ్చెను. 1979లో మొదలైన ఆ పని 2012 వరకు సాగినది. ఒక తరము పట్టినదన్నమాట.

నేల పట్టు దేనిపై ఆధారపడును?

నేలలోని లోహమంతయు పైరునకు అందదు. నేల పులిసినకొలది, అనగా ఉదజని సూచిక 6 కంటె తగ్గినకొలది, కాడ్మియము, జింకు, నికెల్ నీటిలో కరగి వేళ్ళకు అందును. సున్నము వలన పులుపు తగ్గినప్పుడు అవి మంటికి అంటుకొనును. పశువుల ఎరువు, బంకమన్ను కూడ లోహమును పట్టును. కెనడాలోని సడ్‌బరీ వద్ద నికెల్ కర్మాగారముల పొగకు బోడులైన కొండలపై 1978 నుండి కూలీలు చేతులతో సున్నపురాతి పొడి, ఎరువు, గడ్డి గింజలు, పప్పుజాతి గింజలు చల్లి, పిదప చెట్లు నాటిరి. లోహము నేలలోనే యున్నను, పులుపు విరిగినందున పచ్చదనము తిరిగి వచ్చినది.

రైతులు చేయవలసిన పనులు

1. పరిశ్రమల చుట్టుపట్ల, మురుగునీటి కాలువల క్రింద పొలములున్నవారు ఒకసారియైనను లోహముల పరీక్ష చేయించవలెను. పొలములో 8 నుండి 10 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున మన్ను తీసి కలిపి, అరకిలో నమూనాను నీడన ఆరబెట్టి పంపవలెను. జింకు పూత పూసిన పనిముట్లు, బకెట్లు వాడరాదు. వాడినచో లెక్క తప్పును. సాధారణ భూసార పరీక్షలో కాడ్మియము, సీసము చూడరు; వానిని ప్రత్యేకముగా కోరవలెను.

2. నేల పులుపుగా ఉన్నచో పరీక్షలో చెప్పిన మోతాదునకు సున్నము వేసి ఉదజని సూచికను 6.5 దరికి తేవలెను. మితిమీరి వేసినచో పైరునకు జింకు అందక, మొదట చెప్పిన తుప్పుమచ్చల లోపమే వచ్చును.

3. ప్రతియేట పశువుల ఎరువు వేయవలెను. జనుము, జీలుగ వంటి పచ్చిరొట్టను కలియదున్నవలెను.

4. కాడ్మియము ఉన్నదని తేలిన చేనులో తోటకూర, పాలకూర వంటి ఆకుకూరలు పెంచరాదు. ఆకుకూరలు కాడ్మియమును ఎక్కువగా పీల్చును. బీర, సొర వంటి కాయజాతులలో అది తక్కువ.

5. అట్టి మడిలో వరి వేసినచో వెన్ను తీయుటకు మూడు వారములు ముందునుండి, తీసిన పిమ్మట మూడు వారములవరకు నీరు నిలువ ఉంచవలెను. నీటి అడుగున కాడ్మియము గంధకముతో కలిసి గట్టిపడి వేళ్ళకు అందదు. కాని నేలలో ఆర్సెనిక్ కూడ ఉన్నచో ఈ పద్ధతి పనికిరాదు. నిలువనీటిలో ఆర్సెనిక్ ఎక్కువగా అందును.

6. పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టు కొనునప్పుడు పరీక్షపత్రము అడుగవలెను. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము అట్టి కంపోస్టు కిలోలో కాడ్మియము 5, సీసము 100, నికెల్ 50 మిల్లీగ్రాములు మించరాదు. పరీక్షింపని బూడిదను, కర్మాగారపు మడ్డిని ఉచితముగా ఇచ్చినను పొలమునకు తోలరాదు.

7. రోడ్డు ప్రక్కన, పరిశ్రమల ప్రక్కన పండిన కూరలను బాగుగా కడిగి, దుంపల తొక్క తీసి వండవలెను. దీనివలన పైనపడిన సీసపు ధూళి పోవును. లోపలి కాడ్మియము పోదు.

పరీక్షలో లోహము లేదని తేలిన రైతునకు ఆ కాగితము గొప్ప ధైర్యము. ఉన్నదని తేలినచో పై పద్ధతులను ఆ పంటనుండియే ఆరంభింపవలెను. ఏ విధముగ నైనను ఆ ఫలితముల కాగితమును పట్టాదారు పుస్తకముతోపాటు పెట్టెలో భద్రపరచవలెను. రేపు ఆ పొలము దున్నవలసిన బిడ్డలకు అది ఎంతయు అవసరము.