ఒట్టు వేయించుకోకండి, ఓ గంట మాట్లాడండి

దసరా సెలవులకు హాస్టల్ నుంచి కొడుకు వచ్చాడు. బట్టలు నానబెడదామని జీన్స్ జేబులో చెయ్యి పెడితే తల్లికి నలిగిన బారు బిల్లు తగిలింది. స్ట్రాంగ్ బీర్లు నాలుగు, చికెన్ పకోడీ రెండు ప్లేట్లు. ఆ చీటీ పట్టుకుని ఆమె బాత్‌రూం గడప మీదే కూలబడింది.

ఇలాంటప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా జరిగేవి రెండు. "అప్పులు చేసి ఫీజులు కట్టింది ఇందుకేనా?" అని తండ్రి కేకలేస్తాడు, తల్లి తన తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంటుంది. లేదంటే ఆయనకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడని ఆమె ఆ చీటీని చింపి పారేస్తుంది. ఎలా జరిగినా, పిల్లవాడు ఎందుకు తాగుతున్నాడో, ఎంత తాగుతున్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు.

మూడో దారి ఒకటుంది. అమెరికాలోని సియాటెల్‌లో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అలన్ మార్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీన్ని తీర్చిదిద్దారు. మితిమీరి తాగే విద్యార్థులను ముందే గుర్తించి, కాలేజీలో చేరిన మొదటి ఏడాదే ఒక్కొక్కరితో విడిగా కాసేపు మాట్లాడారు. నీతిబోధ లేదు, బెదిరింపు లేదు. 1998లో వెలువడిన ఫలితాల్లో, ఈ కౌన్సెలింగ్ అందినవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా అందనివాళ్లకన్నా తక్కువ తాగుతున్నారనీ, తాగుడు వల్ల వచ్చే ఇబ్బందులూ తగ్గాయనీ తేలింది. అందరూ పూర్తిగా మానేశారని కాదు. కానీ ఆ వయసులో ప్రమాదం తగ్గడమే పెద్ద మేలు.

ఆ కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుంది? బల్ల మీద ఒక కాగితం ఉంటుంది. అందులో విద్యార్థి తానే చెప్పిన లెక్కలుంటాయి. వారానికి ఎన్ని రోజులు, రోజుకు ఎంత, ఏయే ఇబ్బందులు వచ్చాయి అని. ఆ పక్కనే అతని ఈడువాళ్లు నిజంగా ఎంత తాగుతున్నారో ఉంటుంది. "అందరూ తాగేదే కదా" అనుకున్న కుర్రాడు అక్కడ ఆగి మళ్లీ చూసుకుంటాడు. తోటివాళ్లు తాగేదాన్ని విద్యార్థులు ఉన్నదానికన్నా ఎక్కువగా ఊహించుకుంటారని 1980ల నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి.

ఇంకో లెక్క మీరే చూపించవచ్చు. "బీరే కదా" అంటారు పిల్లలు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో దాదాపు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఎనిమిది శాతం ఘాటున్న స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో 40 గ్రాముల దాకా ఉంటుంది. అంటే ఒక సీసా నాలుగు పెగ్గులతో సమానం. ఆ బిల్లులోని నాలుగు సీసాలు ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి ఎనిమిది పెగ్గులు. ఒక్క పెగ్గు విరగడానికే శరీరానికి సుమారు గంట పడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా అది త్వరపడదు.

ఇక ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి? తాగి వచ్చిన రాత్రి వద్దు. మర్నాడు టిఫిన్ అయ్యాక, చుట్టాలెవరూ లేనప్పుడు కూర్చోండి. "నాన్నా, ఈ బిల్లు దొరికింది. నీకేమవుతుందోనని భయమేసింది. ఎలా మొదలైందో చెప్తావా?" అని అడిగి ఊరుకోండి. తాగితే ఏం బాగుంటుందో అడగండి, ఏం నచ్చదో కూడా అడగండి. వాంతులు, గొడవలు, రాయలేకపోయిన ఇంటర్నల్ పరీక్ష, స్నేహితుల దగ్గర చేసిన అప్పు, ఇవన్నీ వాడి నోటే రావాలి. "తగ్గించుకోవాలని నీకెంత ఉంది? పదికి ఎన్ని మార్కులు వేస్తావు?" అనండి. మూడు అంటే, "మూడేనా?" అనకండి. "సున్నా ఎందుకు వెయ్యలేదు?" అని అడగండి. మానడానికి కారణాలు అప్పుడు వాడే చెబుతాడు. అమ్మాయితోనైనా ఇదే పద్ధతి. పరువు మాట తెచ్చారంటే ఆమె ఇంకేమీ చెప్పదు.

ఇది తాగమని అనుమతి ఇవ్వడం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు. "నువ్వు తాగడం మాకు ఇష్టం లేదు" అని సూటిగా చెప్పండి. తాగి బండి నడపడం, తాగినవాడి బండి ఎక్కడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదని చెప్పండి. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యమని చెప్పి, ఆ పూట తిట్టబోమని మాటివ్వండి. తండ్రి చేతిలో రోజూ గ్లాసు ఉంటే, ముందు ఆ గ్లాసు దిగాలి.

పిల్లల్ని కాలేజీకి పంపే ముందే తల్లిదండ్రులు మద్యం గురించి మాట్లాడితే తాగుడు తగ్గుతుందని అమెరికాలో రాబ్ టరిసీ అనే పరిశోధకుడు చూపించారు. కౌన్సెలింగూ తోడైతే మేలు ఇంకా ఎక్కువ. ఇంజినీరింగ్ హాస్టల్‌కు పంపేవారూ, ఎమ్మెస్‌కు విమానం ఎక్కించేవారూ పెట్టె సర్దే రోజుల్లోనే ఓ గంట దీనికి కేటాయించండి.

ఒక హెచ్చరిక. పొద్దున్నే చేతులు వణకడం, చుక్క పడితే గానీ కుదుటపడకపోవడం కనిపిస్తే మాటలతో సరిపోదు. అలాంటివాళ్లు ఉన్నట్టుండి మానేసినా ప్రమాదమే. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరిని కలవాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్యండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. స్నేహితుడు తాగి పడిపోయి ఎంత లేపినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలనీ, ఒంటరిగా వదిలి వెళ్లకూడదనీ మీ పిల్లలకు ఈ రోజే చెప్పండి.

ఆ బిల్లు మీ చేతికి దొరికితే చింపకండి, ముఖాన కొట్టకండి. బల్ల మీద పెట్టి పక్కన కూర్చోండి. వాడు చెప్పేది చివరిదాకా వినండి.