బిడ్డ మాటకు ఇల్లే బడి

ఆలంపూరు నుండి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. మూడేండ్లు నిండినా మాటలు రాని బిడ్డను వారం వారం అంత దూరం తీసుకొనిపోవాలంటే, కూలిపై బ్రతికే తల్లిదండ్రులకు బస్సు ఛార్జీలతో పాటు ఆనాటి కూలి కూడా పోతుంది. "వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దలు ధైర్యం చెబుతారు. అట్లు గడచిపోయే కాలమే బిడ్డకు అసలు నష్టం. అంతర్జాలం ద్వారా సాగే వాక్చికిత్స ఈ నష్టాన్ని ఎంతవరకు నివారించగలదో పరిశీలిద్దాం.

ఏడాది నిండిన బిడ్డ పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడాలి. రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలకాలి. అట్లు జరగనప్పుడు మొదట చేయించవలసినది వినికిడి పరీక్ష. దీనికి మాత్రం ప్రయాణం తప్పదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో ముంబయిలో వెలసిన వాక్కు, వినికిడి లోపాల జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం కలదు.

తరువాతి శిక్షణలో చాలా భాగం తెరపై సాగవచ్చు. అయితే తెర ముందు ప్రధానంగా నేర్చుకొనేది బిడ్డ కాదు, తల్లి. బిడ్డ గ్లాసు వైపు చేయి చాపగానే నీళ్లు ఇచ్చివేయక, "పానీ" అని స్పష్టంగా పలికి, ముఖం చూస్తూ కొన్ని క్షణాలు ఆగాలి. "పా" అన్నా చాలు, సంతోషంతో అందించాలి. చికిత్సకులు చూచి సరిదిద్దుతారు. అప్పుడు ఒక గంట పాఠం వారమంతటి అభ్యాసమవుతుంది.

ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు వినడం వల్లనే మాటలు రాలేదని కొందరంటారు. అది అపోహ. రెండు భాషలు వినడం మాటల లోపానికి కారణం కాదు. తల్లి తనకు సహజమైన భాషలోనే మాట్లాడాలి.

ఆహార విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బిడ్డను నిటారుగా కూర్చుండబెట్టి, కొంచెం కొంచెంగా, తొందరపెట్టక తినిపించే పద్ధతిని తెరపై నేర్పవచ్చు. కాని తరచు పొలమారడం, తిన్న తరువాత గొంతు గరగరలాడడం, మాటిమాటికి నిమోనియా రావడం, బరువు పెరగకపోవడం కనిపిస్తే, ఆహారం ఊపిరితిత్తులలోకి పోతున్నదేమోనని వైద్యులు స్వయంగా పరీక్షించాలి. అక్కడ తెర చాలదు.

విద్యార్థి మిత్రులారా! మీ వాడలో అట్టి బిడ్డ ఉంటే, వినికిడి పరీక్ష చేయించారా అని అడగండి. చికిత్స జరిగే గంటసేపు మీ ఫోను ఆ తల్లికి ఇవ్వండి. కళాశాల కమిటీ వారు వారానికొక గంట నిశ్శబ్దమైన గదిని, అంతర్జాల సౌకర్యాన్ని కల్పించవలసినదిగా మేము కోరుతున్నాము. మాట కోసం ఎదురుచూచే ఇంటికి అది చిన్న సహాయం కాదు.