ఉనకేశ్వర్ వేడినీళ్ళు – స్పర్శ లేని మచ్చ

సికింద్రాబాద్ స్టేషన్‌లో ఆదిలాబాద్ రైలెక్కి ఊరికి పోయివచ్చే మన హాస్టల్ మిత్రులకు ఈ దారి బాగా తెలుసు. నిజామాబాద్ రాకముందు డిచ్‌పల్లి వస్తుంది. బాసర దగ్గర గోదావరి దాటి, ముద్ఖేడ్ మీదుగా మహారాష్ట్రలో తిరిగి, కిన్వట్ దాటినాక మళ్ళీ మన ఆదిలాబాద్ చేరుతాం. ఈ ఒక్క దారి మీదనే ఒక జబ్బు కోసం జనం రెండు చోట్ల దిగేవారు. కిన్వట్‌లో దిగినవారు ఉనకేశ్వర్ వేడినీటి గుండానికి పోయేవారు. డిచ్‌పల్లిలో దిగినవారు ఆసుపత్రికి పోయేవారు. మా ఇంటివాళ్ళు మొదట కిన్వట్‌లోనే దిగారు.

ఉనకేశ్వర్ ఇప్పుడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ తీరాన ఉంది. అయినా మనవాళ్ళకు అది పరాయి ఊరు కాదు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా కిన్వట్ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. గీత మారినా, చుట్టరికాలూ మొక్కులూ మారలేదు. అక్కడ శివాలయం, దాని దగ్గర గుండం ఉన్నాయి. శరభంగ మహర్షికి కుష్టువ్యాధి సోకితే శ్రీరాముడు బాణం వేసి వేడినీళ్ళు రప్పించాడనీ, ఆ స్నానంతో ఆయనకు నయమైందనీ స్థలపురాణం. అందుకే చర్మవ్యాధి ఏదైనా "ఉనకేశ్వర్ పోయిరా" అని మా దిక్కు పెద్దలు అంటుంటారు.

నీళ్ళు ఎందుకు కాగుతాయి? కింద అగ్నిపర్వతం ఉందని మేము కూడా చిన్నప్పుడు అనుకునేవాళ్ళం. అదేమీ అక్కర లేదు. భూమిలోకి ఒక్క కిలోమీటరు దిగితే వేడి సుమారు 25 నుంచి 30 డిగ్రీలు పెరుగుతుంది. వాననీరు రాతి పగుళ్ళలోంచి లోతుకు దిగి, వేడెక్కి, ఇంకొక పగులు దొరికితే పైకి వస్తుంది. గుండంలో నీళ్ళు సుమారు 42 డిగ్రీలు ఉంటాయి. పైన నేల వేడి 27 డిగ్రీలు అనుకుంటే, ఆ నీళ్ళు కనీసం అర కిలోమీటరు లోతు చూసి వచ్చాయని లెక్క. పైకి వస్తూ కొంత చల్లారుతాయి కాబట్టి ఇంకా లోతే కావచ్చు. దారిలో రాతిలోని ఖనిజాలను కరిగించుకుంటాయి. ఈ నీళ్ళలో గంధకం ఉందని ప్రతీతి.

మరి రోగం పోతుందా? ఈ ప్రశ్నను నవ్వి కొట్టేయడం మాకు ఇష్టం లేదు. కొందరికి మేలు జరిగింది కనుకనే ఆ పేరు నిలిచింది. గజ్జికి గంధకం మందు డాక్టర్లు కూడా చాలాకాలం వాడినదే. సోరియాసిస్ లాంటివి వాటంతట అవే కొన్నాళ్ళు తగ్గి మళ్ళీ వస్తాయి. తగ్గిన రోజున స్నానం చేసి ఉంటే ఆ పుణ్యం గుండానిదే అవుతుంది. పైగా పూర్వం మచ్చ కనబడిన ప్రతి రోగాన్నీ "పెద్దరోగం" అనేవారు. అందులో కుష్టు కానివి ఎన్నో ఉండేవి. అవి తగ్గితే కుష్టు తగ్గినట్టే లెక్క.

అసలు కుష్టు సంగతి వేరు. దాని క్రిమిని 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ కనుగొన్నాడు. అది చర్మంలోనూ, చర్మం కింది నరాలలోనూ దాగి మెల్లమెల్లగా పెరుగుతుంది. పైన పోసే నీళ్ళు దాన్ని చంపలేవు. నరం చెడితే స్పర్శ పోతుంది. అప్పుడు వేడినీళ్ళే అపాయం, కాలినా తెలియదు.

మా పెద్దనాయినకు ముంజేతి మీద పాలిపోయిన మచ్చ వచ్చింది. అప్పటికి మేము పుట్టలేదు. దురద లేదు, నొప్పి లేదు. బయటికి తెలిస్తే ఆడపిల్లల పెళ్ళిళ్ళు కావని ఇంట్లో దాచారు. మూడు చలికాలాలు ఉనకేశ్వర్ తీసుకుపోయారు. స్నానం చేసి నూనె రాసుకుంటే చర్మం మెత్తబడేది, తగ్గుతోందని సంతోషించేవారు. ఒకరోజు బీడీ కాలి వేళ్ళ దాకా వచ్చినా ఆయనకు తెలియలేదు. పక్కనున్నవాళ్ళు వాసన పట్టి చెప్పారు. అప్పుడు ఆసుపత్రికి పోయారు. మాత్రలతో జబ్బు పోయింది. వంగిన రెండు వేళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి.

మమ్మల్ని కలచివేసేది ఏమిటంటే, ఆ మూడేళ్ళూ మందు లేక కాదు. డిచ్‌పల్లిలో 1915లోనే మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్టురోగుల ఆసుపత్రి నెలకొల్పింది. అప్పట్లో చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదితో ఎక్కించేవారు. బాధ ఎక్కువ, ఫలితం తక్కువ. 1940ల తర్వాత డాప్సోన్ వచ్చింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి సూచించింది. మచ్చలు అయిదు లోపు ఉంటే 6 నెలలు, ఎక్కువైతే 12 నెలలు. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటే భయం పోతుంది. అంతా ఉచితమే. ఇంత జరిగినా భార్యాభర్తల విడాకులకు కుష్టును కారణంగా చూపే చట్టపు మాట 2019లో గాని తొలగలేదు!

పొత్తు దుప్పట్లలో పడుకునే మన హాస్టల్ పిల్లలకు ఒక మాట. గజ్జి వస్తే గదిలో అందరూ ఒకే రోజు మందు రాసుకోవాలి, ఒక్కడు రాసుకుంటే మళ్ళీ వస్తుంది. మచ్చ మీద పొట్టు లేస్తూ దురద పెడితే తామరో శోభియో కావచ్చు. పాలిపోయిన లేదా ఎర్రటి మచ్చ దురద లేకుండా ఉంటే కళ్ళు మూసుకోమని దూది పోగుతో తాకి చూడండి. ఎక్కడ తాకారో వేలు పెట్టి చూపలేకపోతే దాచవద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి. దాన్ని చూసి తమ్ముణ్ణి పక్క గదిలోకి మార్చాల్సిన పని లేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే. హాస్టల్‌లో చేరిన రోజు ట్రంకు పెట్టె ఆ వంగిన వేళ్ళతోనే పెద్దనాయిన స్టేషన్ నుంచి మోసుకొచ్చాడు. పోయిన చలికాలం మొక్కు తీర్చుకుంటానంటే ఉనకేశ్వర్ తీసుకుపోయాం. "నీళ్ళు మంచియే బిడ్డా, మేమే ఆలస్యం జేసినం" అన్నాడు. గుండంలో దిగేముందు మెట్టు మీద ఆగి, "నువ్వు ముందుగాల చెయ్యి పెట్టి సూడు, ఎంత కాగినయో నాకు తెల్వది" అన్నాడు. మేము చెయ్యి పెట్టి చూసి చెప్పినాక దిగాడు.