బడిలో సహపంక్తి భోజనము - పంచాయతీ బాధ్యత

డాక్టరు అంబేద్కరు తాను బాల్యమున చదివిన పాఠశాలను గూర్చి వ్రాసియున్నారు. ఇంటినుండి తెచ్చుకొనిన గోనెపట్టాపై ఆయన విడిగా కూర్చుండెడివారు. కుళాయిని తాకరాదు, నౌకరు వచ్చి త్రిప్పినగాని నీరు లేదు. నౌకరు లేనినాడు దాహముతోడనే చదువు. ఆ బాలుడు పడిన బాధ ఒక యెత్తు. దానిని దినదినము చూచుచు, లోకరీతి యిదియే కాబోలునని తలచిన తోటి బాలుర సంగతి మరియొక యెత్తు.

రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. 1955 నాటి చట్టము దానిని పాటించుటను శిక్షార్హము గావించినది. కాని పిల్లలు చట్టములను చదివి నడచుకొనరు. పెద్దలను చూచి నేర్తురు.

అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్టు 1954లో ప్రకటించిన గ్రంథమున ఈ విషయమును చర్చించెను. భిన్నవర్గములవారు ఒకచోట చేరినంతమాత్రమున దురభిప్రాయములు తొలగిపోవు. వారు సమాన హోదాతో కలియవలెను. ఒకే పనికై పాటుపడవలెను. అధికారమున్న పెద్దలు ఆ కలయికను బాహాటముగా సమర్థింపవలెను. ఎప్పుడును వెనుక వరుసలోనే కూర్చుండబెట్టిన బాలునకు ఒకే గదిలో నుండుటవలన లాభమేమి?

మధ్యాహ్న భోజనమును ఈ దృష్టితో చూడుడు. ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనమునే పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించినది. వంటవారి నియామకములో దళితులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రాధాన్యమీయవలెనని 2004 ఏప్రిల్ 20న మరల ఆదేశించినది. ఈ రెండవ ఆదేశమునకు తగినంత ప్రచారము రాలేదని మా అభిప్రాయము. ఎవరు వండిరను ప్రశ్నతోనే కదా ఊళ్ళలో బంతులు విడిపోవునది! వంటమనిషి ఏ పేటదో తెలిసికొని కొందరు తల్లిదండ్రులు పిల్లలకు ఇంటినుండి క్యారియరు పంపనారంభింతురు. అప్పుడామెను మార్చివేయుట సులభోపాయముగా తోచును. అట్లు చేసినచో వారి పక్షమున పంచాయతీయే తీర్పు చెప్పినట్లగును. ఆమెను అట్లే యుంచి, సర్పంచి, వార్డు సభ్యులు బడికిపోయి పిల్లల నడుమ అదే బంతిలో కూర్చుండి భుజింపవలెను. ఒకనాడు ఫొటోకై కాదు. వారము దినములు వరుసగా. ఉపన్యాసమక్కరలేదు.

ఇది సభ్యుల దయాదాక్షిణ్యములకు విడిచిన పని కాదు. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, 9వ సెక్షనులో, బలహీన వర్గముల పిల్లలు వివక్షకు గురికాకుండ చూచు విధిని స్థానిక సంస్థలపై నుంచినది. గ్లాసులు వేరుగా నున్నవా? గది యూడ్చుట ఎల్లప్పుడును ఒకే పేట పిల్లల వంతా? ఆటలో ఎవరిని చేర్చుకొనుటలేదు? ఇవి రిజిస్టరులో కానరావు. ముందుగా కబురుచేయక పోయి, విరామపు గంట కొట్టినప్పుడు నీళ్ళ కుళాయియొద్ద పావుగంట నిలిచి చూడవలెను.